మేనకోడలి పెళ్లి ఆపించిన అత్తగా నా అనుభవం

మా అంగన్‌వాడీ కేంద్రం గోడ మీద 1098, అంటే పిల్లల హెల్ప్‌లైన్ నంబరు రాయించింది నేనే. బాల్య వివాహం జరుగుతోందని తెలిస్తే ఆ నంబరుకి చెప్పండమ్మా అని తల్లుల మీటింగుల్లో చెప్పేదీ నేనే. ఆ పెళ్లి సొంత అన్న ఇంట్లో అయితే ఏం చేయాలో మాత్రం మాకిచ్చే శిక్షణల్లో ఎవరూ చెప్పరు. ఈ వేసవిలో అది నా నెత్తిన పడింది. ఇదే ఇరకాటంలో పడి నోరు మూసుకున్నవాళ్ళు మాలో ఇంకా ఉన్నారని తర్వాత ఒక్కొక్కరుగా చెప్పారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఊరి పేర్లు, మనుషుల పేర్లు రాయడం లేదు. అప్పటి ప్రకాశం జిల్లా, కనిగిరి చుట్టుపక్కల అనుకోండి, చాలు.

2025 ఏప్రిల్ 23న పదో తరగతి ఫలితాలు వచ్చాయి. నా మేనకోడలికి 487 మార్కులు. ఆ రోజు సాయంత్రం పాపే ఫోన్ చేసి చెప్పింది. నాలుగు రోజులకి, ఆదివారం పొద్దున్నే, అమ్మ ఫోన్.

"మే 22న ముహూర్తం పెట్టినారమ్మా. జూన్‌లో మూఢం, ఆ పైన ఆషాఢం. తప్పితే మళ్ళీ శ్రావణం దాకా ఆగాలంట. నువ్వు రెండ్రోజులు ముందే రావాల, పసుపు దంచేదానికి."

ఎవరి పెళ్లి అని అడగాల్సి వచ్చింది.

పెళ్లికొడుకు మా వదిన తమ్ముడు, పాపకి సొంత మేనమామ. ఇరవై నాలుగేళ్ళు. జేసీబీ నడుపుతాడు, తాగుడు లేదు, పెద్దవాళ్ళంటే మర్యాద ఉంది. పాప వయసు పదిహేనేళ్ళ ఎనిమిది నెలలు. పత్రికలు ఎన్ని కొట్టిస్తున్నారని అడిగితే "పత్రికలొద్దనుకున్నాంలే, ఫోన్లు చేసి పిలుచుకుంటున్నాం" అంది అమ్మ. పందిరి కూడా ముందు రోజు సాయంత్రమే వేస్తారట. చేసేది చట్టానికి విరుద్ధమని వాళ్ళకీ తెలుసన్నమాట. నాకు చెప్పడం ఆలస్యం చేసింది కూడా అందుకే.

ఆ రోజు నేను చేయాల్సింది పైకి చాలా సులువుగా కనిపిస్తుంది. ఫోన్ తీసి నాలుగు అంకెలు నొక్కడమే. కానీ అవతల ఉన్నది మా అన్న. నాన్న పోయేనాటికి అన్నకి పంతొమ్మిదేళ్ళు. బేల్దారి పనికి హైదరాబాద్ వెళ్ళి నా పెళ్లికి చేసిన అప్పు తీర్చాడు. 2023 డిసెంబరు 12న మా అంగన్‌వాడీల సమ్మె మొదలైంది. 42 రోజులు నడిచింది. సమ్మెల్ని నిషేధించే ఎస్మా చట్టం పెట్టారు, నోటీసులు ఇచ్చారు, ఉద్యోగాలు ఉంటాయో లేదో తెలియదు. అప్పట్లో నా నెల గౌరవ వేతనం 11,500. అది కూడా ఆగిపోతే మా అబ్బాయి పాలిటెక్నిక్ హాస్టల్ డబ్బుతో సహా అన్నీ అన్నే పంపాడు. ఎప్పుడు తిరిగిస్తావని ఈ రోజు దాకా అడగలేదు. అట్లాంటి మనిషి మీద పోలీసులకి చెప్పే ఫోన్ చేయాలి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా పుట్టిల్లు నా కేంద్రానికి 14 కిలోమీటర్లు, మండలమే వేరు. నా పరిధిలో బాల్య వివాహాలు "లేవు" అని నెల రిపోర్టులో రాస్తే అందులో అక్షరం అబద్ధం ఉండదు. రెండు రోజులపాటు ఈ ఆలోచనే నాకు చాలా హాయిగా అనిపించింది. ఎవరి ఊరి గొడవ వాళ్ళు చూసుకుంటారు, ఆ ఊళ్ళో కూడా అంగన్‌వాడీ టీచర్ ఉంది కదా అని. ఆ టీచర్ కూడా మా వదినకి పిన్ని వరస అని గుర్తొచ్చాక ఆ హాయి పోయింది.

ఇంట్లో ఆయనతో చెప్పాను. "ఫోన్ చేస్తే రేపు నువ్వు చచ్చినా బతికినా ఆ ఇంటి గడప తొక్కలేవు. చేయకపోతే రెండు రోజులు బాధపడతావు, అంతే" అన్నారు. ఆయన లెక్క తప్పని అనలేను. మా కేంద్రంలో ఆయాకి చెప్పాను, ఆమె ఏడ్చింది, ఆమెకి పద్నాలుగేళ్ళకే అయింది పెళ్లి. అయినా ఫోన్ చేయమని మాత్రం చెప్పలేదు.

మే 5న సెక్టార్ మీటింగ్ అయ్యాక మా సూపర్‌వైజర్ గారిని పక్కకి పిలిచి, "మేడమ్, నాకు తెలిసినవాళ్ళ ఇంట్లో ఇట్లా జరుగుతోంది" అని మొదలుపెట్టాను. రెండు నిమిషాల్లో ఆమెకి అర్థమైపోయింది. "మీ అన్నయ్య గారేనా?" అన్నారు. తర్వాత ఆమె అన్నది విని నాకు కాళ్ళు వణికాయి. "మీరు నన్ను సలహా అడిగారు. కానీ నాకు తెలిశాక నేను ఊరుకోవడం కుదరదమ్మా. పదిహేనో తేదీ దాకా చూస్తాను. మీరు మాట్లాడి ఆపగలిగితే అంతకంటే మంచిది లేదు. లేకపోతే నేను సీడీపీఓ గారికి చెప్పక తప్పదు." సీడీపీఓ అంటే మా పైన ఉండే ప్రాజెక్టు అధికారి.

ఈ స్థితిలో ఉన్నవాళ్ళు ఇది ముందే తెలుసుకోవాలి. శాఖలో ఉన్నవాళ్ళని సలహా అడగడమంటే సగం ఫిర్యాదు చేసినట్టే. ఎటూ తేల్చుకోకుండా మనసులో బరువు మాత్రం దించుకుందామంటే అక్కడ కుదరదు.

నిజంగా ఉపయోగపడిన మాట అనుకోని చోట దొరికింది. మా ఊళ్ళో రిటైరైన తెలుగు మాస్టారు ఉన్నారు. పిల్లల బరువు తీసే రోజు మనవడిని ఎత్తుకుని కేంద్రానికి వస్తారు. ఆయనతో చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "వికర్ణుడు గుర్తున్నాడామ్మా?" అన్నారు. కౌరవుల్లో ఒకడు. ద్రౌపదిని సభకి ఈడ్చుకొచ్చినప్పుడు, పెద్దలందరూ తలలు దించుకుంటే, ఇది అధర్మం అని అన్న మొహం మీదే చెప్పినవాడు. "అంత మాట అన్నవాడు యుద్ధంలో ఏ పక్షాన ఉన్నాడు? అన్న పక్షానే. అక్కడే చచ్చిపోయాడు. యుద్ధంలో వాడు చేసింది సరైనదో కాదో నేను చెప్పలేను. కానీ సభలో చెప్పిన మాట వేరు, అన్నతో ఉన్న రక్తం వేరు అని వాడు అనుకున్నాడు. నువ్వు కూడా రెండూ విడదీసి చూడు" అన్నారు.

ఆ రాత్రి పాత రిజిస్టర్ చివరి పేజీలో ఎవరికి ఏం బాకీ ఉన్నానో రాసుకున్నాను. అన్నకి: డబ్బు, నాన్న స్థానంలో నిలబడిన పదేళ్ళు. అమ్మకి: ఇంటి పరువు. ఉద్యోగానికి: నేను రోజూ చెప్పే మాట. పాపకి అని రాసి ఆగిపోయాను. ఆ పిల్లకి నేను ఇవ్వాల్సింది అంటూ ఏమీ లేదు, ఎందుకంటే ఆ పిల్ల నాకు ఎప్పుడూ ఏమీ ఇవ్వలేదు, అడగలేదు. అప్పుడు వేరే విధంగా రాశాను: ఏది పోతే మళ్ళీ తెచ్చివ్వగలను? అన్న డబ్బు తెచ్చివ్వగలను. మాటలు లేకపోతే ఏళ్ళు పట్టినా కాళ్ళు పట్టుకునైనా కలుపుకోవచ్చు. పదహారేళ్ళకి కాన్పు అయి ఆ పిల్లకి ఏమన్నా అయితే తెచ్చివ్వలేను. చట్టం ప్రకారం మైనరుగా ఉన్నప్పుడు జరిగిన పెళ్లిని రద్దు చేయమని అమ్మాయి కోర్టుకి వెళ్ళొచ్చు, పద్దెనిమిది నిండాక రెండేళ్ళలోపు. అంటే కట్టేది పెద్దవాళ్ళు, విప్పుకోవడం మాత్రం ఆ పిల్ల పని. ఒకసారి తాళి పడ్డాక మా ఇళ్ళల్లో ఏ పిల్లా ఆ కోర్టు మెట్లెక్కదు.

ఆ పేజీ రాశాక భయం తగ్గలేదు. ఏం చేయాలన్న గందరగోళం మాత్రం పోయింది.

అన్నకి ఫోన్ చేసి "పెళ్లి పనుల మీద మాట్లాడాలి, ఒకసారి రా" అన్నాను. మే 11 ఆదివారం తెల్లారి హైదరాబాద్ నుంచి వచ్చి కనిగిరిలో బస్సు దిగాడు. నేను అప్పటికే అమ్మ దగ్గరికి వెళ్ళి ఉన్నాను. టీ తాగాక చెప్పాను, ఈ పెళ్లి వద్దన్నా అని. నేను అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "నాకు తెలుసు నువ్వు ఇట్టా అంటావని, అందుకే చెప్పలేదు" అన్నాడు.

రెండేళ్ళ జైలు, లక్ష జరిమానా, 2006 బాల్య వివాహ నిషేధ చట్టం, ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. అవేవీ ఎత్తలేదు. "దేనికి భయపడుతుండావు?" అని అడిగాను. దానికి అన్న చాలాసేపు మాట్లాడాడు. నా జీవితంలో మా అన్న ఒక్క దమ్మున అంతసేపు మాట్లాడటం అదే చూడటం.

"మేమిద్దరం అక్కడ సెంటరింగ్ షెడ్లో పడుకుంటాం. ఈడ ముసలమ్మ, వయసొచ్చిన పిల్ల. పదో తరగతి పరీక్షలప్పుడు బస్సులో ఒకడు వెంటబడ్డాడంట, పక్కింటామె చెప్పింది. రేపు ఇంటర్ అంటే రోజూ కనిగిరి పోయి రావాల. రాత్రి ఫోన్ మోగితే చాలు గుండె ఆగిపోతుంది. మా బావమరిది అయితే నా కళ్ళ ముందు పెరిగినోడు, పిల్లని కొట్టడు, తిట్టడు. వాళ్ళమ్మకి పక్షవాతం, కళ్ళుండగా కొడుకు పెళ్లి చూడాలంటుంది. నువ్వొచ్చి కాపలా ఉంటావా ఈడ? చెప్పు."

మా వైపు సంగతి తెలిసినవాళ్ళకి దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. నీళ్ళు లేవు, ఉన్న నీళ్ళల్లో ఫ్లోరైడ్, వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళు అప్పటికి ఇంకా రాలేదు. కందులు పండితే పండినట్టు, లేకపోతే హైదరాబాద్, బెంగళూరు. ఊళ్ళల్లో మిగిలేది ముసలివాళ్ళు, పిల్లలు. పెళ్లి చేసేస్తే ఒక కాపలా పని తీరిపోతుందని అనుకునే తండ్రులు దుర్మార్గులు కారు. మీటింగుల్లో మేము వాళ్ళని మూర్ఖులన్నట్టు మాట్లాడతాం, అది నాకు ఎప్పుడూ నచ్చేది కాదు, ఇప్పుడు అసలు నచ్చదు.

అమ్మ అడ్డొచ్చింది. "నీకు పదారుకే చేసినాం. నువ్వేం చెడిపోయినావు? ఉద్యోగం గూడా చేస్తుండావు గదా." నేను ఇద్దరు పిల్లల తర్వాత, ఇరవై ఏడేళ్ళప్పుడు, పొయ్యి దగ్గర కూర్చుని ఇంటర్ ప్రైవేటుగా కట్టి పాసయ్యాను. ఆ ఉద్యోగం దాంతో వచ్చింది, పెళ్లితో రాలేదు. అదే చెప్పాను. అమ్మ మొహం తిప్పుకుంది.

"పాపని నా దగ్గర ఉంచుకుంటాను" అని నోటి దాకా వచ్చింది కానీ అనలేకపోయాను. మా అబ్బాయికి పంతొమ్మిదేళ్ళు. మేనత్త కొడుకు. బావ వరస ఉన్న ఇంట్లో పిల్లని పెట్టుకుంటే ఊరు ఏమంటుందో నాకు తెలుసు. తర్వాత ఆ మాట రానే వచ్చింది, అది ముందుముందు చెబుతాను.

చివరికి అన్నతో ఒకటే చెప్పాను. "నువ్వు ఆపితే నీకు నేనున్నాను, హాస్టల్ నేను చూస్తాను, ఖర్చులో సగం నాది. ఆపకపోతే నేనే చెప్తాను. ఎవరు చెప్పారా అని ఊళ్ళో ఎవర్నీ అనుమానించొద్దు."

మా సూపర్‌వైజర్ గారు తర్వాత ఈ మాటకి నన్ను కోప్పడ్డారు. ముందే చెబితే పెళ్లి ఇంకో చోటికి మారుస్తారు, ఎప్పుడూ చెప్పకూడదు అని. ఆమె అనుభవం ప్రకారం అది నిజం, మా అన్న విషయంలోనూ నిజమే అయింది. అయినా మళ్ళీ అదే పరిస్థితి వస్తే నేను మళ్ళీ ముందే చెబుతాను. వెనక నుంచి ఫోన్ చేసి, ముందు నుంచి వెళ్ళి వదినని ఓదార్చడం నా వల్ల కాదు. వేరేవాళ్ళకి ఇది సలహాగా చెప్పను. పరాయి ఇంటి పెళ్లి అయితే చెప్పకుండానే ఫోన్ చేయండి.

ఆ మధ్యాహ్నం పాపతో చేదబావి దగ్గర మాట్లాడాను. నీకు ఇష్టమేనా అని అడిగితే "మామ మంచోడే" అంది. చదువుకోవాలని ఉందా అంటే "ఉంది" అంది. మరి ఏం చేయమంటావంటే, "నన్నడగొద్దత్తా. నేను వద్దంటే అమ్మ చస్తానంటుంది. సరే అన్నా నువ్వు ఊరుకోవు" అంది. ఇంకో మాట కూడా అంది: "ఆగిపోతే నాకే పేరొస్తుంది, బస్సులో వాడి కోసం ఆపించుకుందని." పిల్లకి ఉన్న తెలివికి నాకు నోట మాట రాలేదు. నీ నోటి నుంచి ఒక్క మాట వచ్చిందని ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. ఆ మాట ఇప్పటికీ నిలబెట్టుకుంటున్నాను, అందుకే అందరి దృష్టిలో ఈ పెళ్లి ఆపింది పూర్తిగా నా పొగరే. ఇక్కడ రాస్తున్నది కూడా పాపని అడిగి, సరేనన్నాకే.

మూడు రోజులు అన్న నుంచి ఫోన్ లేదు. మే 14 రాత్రి అమ్మ ఫోన్ చేసి అదీ ఇదీ మాట్లాడుతూ, "శనివారం మాలకొండ పోతుండాం, నువ్వు రావాకులే, నీకు పని ఉంటది" అంది. మాలకొండ గుడి తీసేది శనివారం ఒక్కరోజే. మొక్కులకి పోవడం మామూలే. కానీ నన్ను రావద్దని చెప్పడం ఎప్పుడూ లేదు. "పాప గూడా వస్తుందా?" అన్నాను. అమ్మ ఫోన్ పెట్టేసింది. గుళ్ళో కుదరకపోయినా ఆ కొండ దగ్గర ఎక్కడో ఒక చోట పదిహేడో తేదీన తాళి కట్టించేద్దామన్నది వాళ్ళ ఆలోచన. అక్కడ ఆ రోజు ఎన్నో పెళ్ళిళ్ళు, ఎవరూ పట్టించుకోరు.

తెల్లారి, గురువారం, సూపర్‌వైజర్ గారికి చెప్పాను. "నేను పైకి పంపితే మండలం దాటేసరికి ఆలస్యమవుతుంది. మీరు 1098కి చేయండి, రికార్డవుతుంది, జిల్లా నుంచి కదులుతారు" అన్నారు. పాలు పోసి, గుడ్లు ఉడకబెట్టి, పిల్లలకి పెట్టాక చేశాను.

ఆ ఫోన్‌లో ఏం అడుగుతారో చెబుతాను, భయపడేవాళ్ళకి పనికొస్తుంది. అమ్మాయి పేరు, వయసు, అది ఎలా తెలుసు, చదివిన బడి, తల్లిదండ్రుల పేర్లు, ఇంటికి దారి, పెళ్లి ఏ రోజు, ఎక్కడ, పెళ్లికొడుకు ఏ ఊరు. పది నిమిషాలు పట్టింది. ఎత్తినామె గొంతు చాలా చిన్నది, మా అబ్బాయి వయసే ఉంటుంది. "మీ పేరు బయటపెట్టం మేడమ్" అని రెండుసార్లు చెప్పింది. చెప్పినా పర్వాలేదమ్మా, మా అన్నకి తెలుసు అన్నాను. ఒక్క క్షణం ఆగి, "మీరు బాగానే ఉన్నారా?" అని అడిగింది. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

మే 16 శుక్రవారం పదకొండు గంటలకి వచ్చారు. జిల్లా బాలల పరిరక్షణ విభాగం నుంచి ఇద్దరు, ఆ సెక్టార్ సూపర్‌వైజర్, సచివాలయం మహిళా పోలీసు, వీఆర్వో, ఒక కానిస్టేబులు. నేను పొద్దున్నే బస్సెక్కి ముందే వెళ్ళి కూర్చున్నాను. వాళ్ళొచ్చేసరికి అన్న పక్కన ఉండాలని. అన్న నన్ను చూసి "వచ్చినావా" అన్నాడు, అంతే.

నేను భయపడినట్టు చేతులకి బేడీలు, జీపులు ఏమీ లేవు. పదో తరగతి మెమో అడిగారు, పుట్టిన తేదీ చూశారు. తర్వాత పాపని లోపల గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసుకుని మాట్లాడారు. బయట అన్నకి చట్టం చెప్పారు. చేసిన తండ్రికే కాదు, చేయించిన పురోహితుడికీ, తెలిసి పెళ్లికి వచ్చి నిలబడినవాళ్ళకీ శిక్ష ఉందని. నేను మౌనంగా వెళ్ళి అక్షింతలు వేసినా నేరమే అన్నమాట. అమ్మ "నన్ను గూడా జైల్లో పెడతారా?" అని అడిగింది. ఈ చట్టంలో ఆడవాళ్ళకి జైలు శిక్ష లేదు, జరిమానా ఉంటుందని మహిళా పోలీసు చెప్పింది. అమ్మ కాస్త కుదుటపడి అందరికీ మజ్జిగ కలిపింది.

హామీ పత్రం తెల్ల కాగితం మీద రాశారు: పద్దెనిమిది నిండేదాకా పెళ్లి చేయం, చదువు ఆపం అని. సాక్షుల సంతకాలకి పక్కింటివాళ్ళని పిలిస్తే ఒక్కరూ రాలేదు. అంతసేపూ గోడ మీద నుంచి చూసినవాళ్ళే. చివరికి సాక్షి సంతకం నేను పెట్టాల్సి వచ్చింది. ఆధార్, మెమో జిరాక్సులు కావాలంటే ఊళ్ళో మిషన్ లేదు. మా అన్నే బండేసుకుని వెళ్ళి తన మీద కేసుకి తనే జిరాక్సులు తెచ్చుకున్నాడు. ఇంకో టీమ్ పెళ్లికొడుకు ఇంటికి వెళ్ళింది. శనివారం రెండు కుటుంబాల మగవాళ్ళని తహశీల్దారు దగ్గర బైండోవర్ చేశారు, అంటే ఆ పని చేయమని పూచీ రాయించుకున్నారు. వదిన మాత్రం ఆ రోజంతా వంటింట్లోంచి బయటికి రాలేదు. వాళ్ళు వెళ్ళిపోయాక వచ్చి, నా ముందు నిలబడి, "నా తమ్ముణ్ణి దొంగని చేసినావు" అంది.

సోమవారం, మే 19, ఒంగోలులో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరు కావాలన్నారు. పాప, అన్న, వదిన, నేను, మహిళా పోలీసు వెళ్ళాం. పొదిలి మీదుగా బస్సు. ఎండ మండిపోతోంది. పదిన్నరకి రమ్మన్నారు, మమ్మల్ని పిలిచేసరికి రెండు దాటింది. భోజనం పొట్లాలు తీసుకెళ్ళండి, చుట్టుపక్కల హోటల్‌కి వెళ్ళొచ్చేలోపు పిలుస్తారేమోనని కదలలేరు. ఛార్జీలు, నీళ్ళ బాటిళ్ళు అన్నీ కలిపి రెండు వేలు దాటింది.

కోర్టులా ఉంటుందనుకున్నాం. బల్ల చుట్టూ కుర్చీలు, అంతే. పాపతో విడిగా మాట్లాడారు. బయటికొచ్చాక మమ్మల్ని పిలిచి, పిల్ల హాస్టల్లో ఉండి చదువుకుంటానంది, మీరేమంటారని అన్నని అడిగారు. అన్న, "మంచి హాస్టలైతే నేను ఎందుకు కాదంటానండీ, నాకు కావాల్సింది అదేగా" అన్నాడు. ఆ మాటకి వదిన ఒక్కసారిగా అన్న వైపు తిరిగి చూసింది. బస్టాండులో కూర్చున్నప్పుడు నాకు తట్టింది, అన్నకి కావాల్సింది కాపలా, వదినకి కావాల్సింది తమ్ముడి పెళ్లి, మంచంలో ఉన్న వాళ్ళమ్మ తృప్తి. ఇన్నాళ్ళూ ఇద్దరూ ఒకటే అడుగుతున్నారని నేను అనుకున్నాను. అన్న సమస్యకి హాస్టల్ ఉంది. వదిన సమస్యకి నా దగ్గర ఏమీ లేదు, ఇప్పటికీ లేదు.

హాస్టల్ సీటు అంత తేలిగ్గా రాలేదు. కస్తూర్బా విద్యాలయంలో ఇంటర్ ఉంది కానీ దరఖాస్తుల గడువు అప్పటికే అయిపోయింది. కమిటీ ఇచ్చిన లెటర్ పట్టుకుని తిరిగాను. రేపు రా, ఎల్లుండి రా. జూన్ మొదట్లో క్లాసులు మొదలైపోయాయి, పాప ఇంట్లోనే ఉంది. ఆ మూడు వారాలే నాకు అన్నిటికంటే టెన్షన్. హాస్టల్ లేకపోతే నేను అన్నకిచ్చిన మాట గాల్లో కలుస్తుంది, మళ్ళీ పెళ్లి మాట లేస్తుంది. చివరికి ఎవరో చేరకుండా మానేసిన సీటు ఖాళీ అయి జూన్ 27న చేర్చుకున్నారు. బైపీసీ. ట్రంకుపెట్టె, దుప్పటి, బకెట్టు, రెండు జతల బట్టలు, మూడు వేల చిల్లర.

అసలు డబ్బు లెక్క వేరే ఉంది. పెళ్లి ఆగితే ఖర్చులు ఆగవు. బట్టలు 38,000, వంటవాళ్ళకిచ్చిన అడ్వాన్సు పది వేలు పోయాయి. షామియానా అతను మాత్రం మంచివాడు, అయిదు వేలు తిరిగిచ్చేశాడు. పెళ్లికొడుకు వాళ్ళు పెద్దమనుషుల్లో కూర్చుని తమ నష్టం 40,000 అన్నారు. అన్న ఒప్పుకున్నాడు. నేను మా పొదుపు సంఘంలో 25,000 తీసుకుని అన్న చేతిలో పెడితే తీసుకోలేదు. అమ్మ ద్వారా పంపాను, తీసుకున్నాడు. నెలనెలా కడుతున్నాను. చట్టం నా వైపు ఉన్నప్పుడు నేనెందుకు కట్టాలని మా ఆయన అడిగారు. చట్టానికి దీంతో సంబంధం లేదు, నేను చేసిన పని వల్ల అన్న నష్టపోయాడు, అందులో నా వాటా నేను మోయాలి.

ఇక ఆ మాట. జూలైలో మా ఊరి పాలకేంద్రం దగ్గర ఒకామె నాతోనే అంది: "మీవాడికి చేసుకోవాలని ఆపించినావంట గదా." నవ్వుతూనే అంది. రెండు ఊళ్ళల్లో అప్పటికే అందరూ అదే అనుకుంటున్నారు. మా అబ్బాయి ఆ వారం ఇంటికి రానన్నాడు, సిగ్గుపడి. ఇన్ని చేసి, లోపల ఏదో లాభం ఉందనిపించుకోవడం కంటే తిట్లు తినడం నయం. ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు, చెబితే ఇంకా నమ్ముతారు.

శ్రావణమాసంలో వదిన తమ్ముడికి పెళ్లి అయింది. పెళ్లికూతురుకి ఇరవై ఏళ్ళు, డిగ్రీ మధ్యలో మానేసిన అమ్మాయి. మమ్మల్ని పిలవలేదు. అన్న వాళ్ళ ఇంటి నుంచి వెళ్ళారు. వాళ్ళమ్మని మంచం మీదే తీసుకొచ్చి పందిట్లో కూర్చోబెట్టారట. పాపకి చెబితే ఏమంటుందో అని భయపడ్డాను. "ఫొటోలు పంపించత్తా" అంది. ఆ మాటలో ఏముందో నేను తవ్వలేదు.

కమిటీ వాళ్ళు ఫాలోఅప్ అని పిలుస్తున్నారు. ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితం అయింది కాబట్టి ఆధార్ చూపించి ఒంగోలు వెళ్ళొస్తున్నాం, అంతకుముందు ప్రతిసారీ ఛార్జీలకి వెతుక్కునేవాళ్ళం. బైండోవర్ ఉన్నంతకాలం పిలిచినప్పుడల్లా అన్న హైదరాబాద్ నుంచి కూలి పోగొట్టుకుని రావాలి. ఆ సంగతి కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు ఎవరూ చెప్పలేదు. రెండు రోజుల కూలి, బస్సు ఛార్జీ, కనీసం మూడు వేలు. అన్న ఇప్పుడు నాతో మాట్లాడుతున్నాడు, పని ఉంటేనే. హాస్టల్ ఫారాల మీద సంతకం, పాపకి జ్వరం, అట్లాంటివి.

వదిన మాట్లాడలేదు. ఈ దసరా సెలవులకి పాప ఎక్కడుండాలన్నది ఇప్పుడు నడుస్తున్న పంచాయితీ. హైదరాబాద్ షెడ్డుకి వద్దని అన్న, మా ఇంటికి వద్దని అందరూ. ప్రస్తుతానికి తేలింది ఏంటంటే, పాప మా అమ్మ దగ్గరే ఉంటుంది, నేను కేంద్రం మూశాక సాయంత్రం బస్సుకి వెళ్ళి రాత్రిళ్ళు అక్కడే పడుకుని, పొద్దున్నే మొదటి బస్సుకి తిరిగి వస్తాను.